కాటిసీనులో వన్స్‌మోర్

పద్యనాటకం మీద ప్రాణం పెట్టుకున్న ఒక కుర్రకారు జట్టులో ఇద్దరి మధ్య నడిచిన వాదం ఇది. బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి హరిశ్చంద్ర నాటకం వేయాలని ఇద్దరికీ ఉంది. ఎలా వేయాలన్న దగ్గరే పేచీ. ఒకరిది పాట పక్షం, ఒకరిది ఆట పక్షం. పేర్ల బదులు అవే పెట్టాను.

ఆట: వన్స్‌మోర్ ఉండకూడదు. ఇది ఒప్పుకుంటే మిగతావి తర్వాత మాట్లాడుకుందాం. కొడుకు శవాన్ని ఒళ్ళో పెట్టుకుని చంద్రమతి కాటిలో కూర్చుని ఉంటుంది. సుంకం కట్టమని కాటికాపరి పద్యం పాడతాడు. జనం ఈల వేసి వన్స్‌మోర్ అంటారు. ఆయన ఆ సీను అక్కడే వదిలేసి, ముందుకొచ్చి చేతులు జోడించి, హార్మోనిస్టు వైపు ఒక చూపు చూసి, మళ్ళీ మొదటి పాదం ఎత్తుకుంటాడు. ఆ కాసేపూ చంద్రమతి ఏం చేయాలి? ఏడుస్తూ ఉండాలా? ఆపి, మళ్ళీ మొదలుపెట్టాలా? లోహితాస్యుడు వేసిన పిల్లాడైతే ఊపిరి బిగబట్టి పడుకుని ఉంటాడు. వాళ్ళిద్దరి గురించి ఎవరూ ఆలోచించరు.

పాట: నువ్వు అడగాల్సిన ప్రశ్నే అడిగావు, కాదనను. అయితే దానికంటే ముందు ఇంకోటుంది. మనం ఈ నాటకాల్లోకి ఎందుకొచ్చాం? కథ కోసం రాలేదు. హరిశ్చంద్రుడు ఆలిని అమ్ముకుంటాడని, చివరికి అన్నీ తిరిగి వస్తాయని చిన్న పిల్లాడికి కూడా తెలుసు. పద్యం విని వచ్చాం. నువ్వూ అంతే. డీవీ సుబ్బారావు గారి కాటిసీను ఎక్కడో మైకులో వినపడితే అడుగు ముందుకు పడక నిలబడిపోయిన వాళ్ళం మనమంతా. కథ తెలిసిన జనం వెయ్యిమంది వచ్చి కూర్చున్నారంటే, ఈ రాత్రి ఈ మనిషి ఈ పద్యాన్ని ఎలా ఎత్తుకుంటాడో చూద్దామనే వచ్చారు. వాళ్ళకి నచ్చినప్పుడు మళ్ళీ కావాలని అడుగుతారు. సినిమాని అడగ్గలరా? ఫోనులో ఉన్నదాన్ని ఎన్నిసార్లు తిప్పినా అదే వస్తుంది. ఇక్కడ రెండోసారి వేరేలా వస్తుంది. ఎదురుగా బతికున్న మనిషి ఉన్నాడు కాబట్టే అడుగుతున్నారు.

ఆట: వేరేలా వస్తే నేనే మొదట చప్పట్లు కొడతాను. స్థానం నరసింహారావు గారి సంగతి పెద్దవాళ్ళు చెప్పగా విన్నాం కదా. శ్రీకృష్ణ తులాభారంలో సత్యభామ పాటని ఆయనే రాసుకుని, ఒక్క పాదాన్నే మళ్ళీ మళ్ళీ పాడుతూ, ఒకసారి గర్వం, ఒకసారి లాలన, ఒకసారి బెదిరింపు, అలా ఎన్ని రకాలుగా చూపించేవారో. అక్కడ మళ్ళీ పాడటమే నటన. కృష్ణుడు తన చెప్పుచేతల్లో ఉన్నాడని సత్యభామ తనకి తానే నచ్చజెప్పుకుంటోంది, అందుకని అదే మాట పదేపదే అంటోంది. దాన్ని వన్స్‌మోర్ అనను, పాత్ర అంటాను. ఇవాళ మనం చూసేది అది కాదు. మొదటిసారి పాడిన సంగతులే రెండోసారి ఇంకాస్త గట్టిగా, పై స్థాయిలో ఇంకాస్త ఎక్కువసేపు నిలబెట్టి పాడటం. పక్క ఊరి హరిశ్చంద్రుడు ఎంతసేపు నిలబెట్టాడో జనానికి గుర్తుంటుంది, మనవాడు దాన్ని దాటాలి. అంతే లెక్క.

పాట: అలాగైతే నీ గొడవ వన్స్‌మోర్‌తో కాదు, చేతకాని పాటతో. చేతకాని నటన ఉంది కదా అని నటన మానేద్దామని ఎవరూ అనరు.

ఆట: మంచి పాటతో కూడా ఉంది. అదే చెప్పబోతున్నాను. శార్దూలం తీసుకో. పాదానికి పంతొమ్మిది అక్షరాలు, నాలుగు పాదాలకీ డెబ్భై ఆరు. మామూలుగా చదివితే అర నిమిషం పట్టదు. స్టేజీ మీద ఐదారు నిమిషాలు. పాదం చివర రాగం, యతి దగ్గర రాగం, మూడో పాదం మధ్యలో గుక్క తిప్పుకోకుండా ఒక స్వరవిన్యాసం. మన భాషలో క్రియ చివరికి కదా వస్తుంది. కవి ఎవరిని, ఎందుకు, ఎలా అన్నవన్నీ పేర్చుకుంటూ వచ్చి నాలుగో పాదం చివర్లో ముడి వేస్తాడు. ఆ ముడి పడేసరికి మొదటి పాదంలో ఏం మొదలైందో వినేవాడు మర్చిపోతాడు. మాట ఇంకా గాల్లో ఉండగానే చప్పట్లు పడిపోతాయి. చాలాసార్లు చప్పట్లు పడేది అర్థం పూర్తయ్యాక కాదు, రాగం పూర్తయ్యాక.

పాట: వినేవాడు మర్చిపోడు. వాడికి ఆ పద్యం నోటికి వచ్చు. నువ్వెప్పుడైనా ముందు వరసలో కూర్చున్న ముసలాయన్ని చూశావా? నటుడికంటే అర క్షణం ముందే పెదాలు కదుపుతుంటాడు. అర్థం కోసం ఎదురుచూసే ప్రేక్షకుడు వేరు, అర్థం ఇంటినుంచే తెచ్చుకున్న ప్రేక్షకుడు వేరు. పద్యనాటకం ఆ రెండో వాడి కోసం పుట్టింది. వాడికి కావాల్సింది ఆ మాటల వెనక ఉన్నది. కాటిసీనునే తీసుకుందాం. హరిశ్చంద్రుడు ఏడవకూడదు. ఏడిస్తే ఉద్యోగధర్మం తప్పినట్టు. రాజుగా పుట్టినవాడు, కాటికాపరిగా నిలబడ్డాడు, నోటితో చెప్పగలిగింది సుంకం కట్టమని మాత్రమే. మరి లోపలున్నది ఎక్కడికి పోవాలి? రాగంలోకి పోతుంది. పద్యంలో మాట కాటికాపరిది, రాగం హరిశ్చంద్రుడిది. నువ్వు రాగం తీసేస్తే నాకు కాటికాపరి ఒక్కడే మిగులుతాడు.

ఆట: ఇది బాగా చెప్పావు. ఇంతకుముందు ఇలా ఎవరూ చెప్పగా వినలేదు. సీను మొదట్లో, హరిశ్చంద్రుడు ఒక్కడే శ్మశానంలో తిరుగుతూ పాడే పద్యాలకి నీ మాట అక్షరాలా సరిపోతుంది. అక్కడ ఎంత రాగం తీసినా నాకు అభ్యంతరం లేదు. ఎదురుగా ఎవరూ లేరు, ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదు, రాత్రంతా వాడిదే.

పాట: ఆ పద్యాలు ఎవరివో మర్చిపోకు. బలిజేపల్లి వారివి కావు. గుర్రం జాషువా గారు శ్మశానవాటి అని ఖండిక రాస్తే, అందులోంచి నటులు తెచ్చి ఇందులో కలుపుకున్నారు. నాటకకర్త రాయనిది, నటుడికి నచ్చి, జనానికి నచ్చి, ఇవాళ అవి లేకపోతే కాటిసీను కాదన్నంతగా కలిసిపోయింది. ఎవరు చేశారు ఈ పని? పాడేవాళ్ళు చేశారు. మంచి పద్యం కనపడితే గొంతు ఊరుకోలేక చేశారు. ఊరి బయట బతకమన్న కులంలో పుట్టిన కవి పద్యం, ఊరి నడిమధ్య, గుడి ముందు పందిట్లో, రాజు వేషం నోట పలికింది. సంస్కరణ సభలు చేయలేని పని రాగం చేసింది. మైకులోంచి వస్తున్నప్పుడు అది ఎవరి పద్యమని అడిగి చెవులు మూసుకున్నవాడు లేడు.

ఆట: దండం పెడతాను ఆ మాటకి. కానీ అదే మాట నాకూ పనికొస్తుంది. నాటకకర్త రాయనిది కలపొచ్చని మన పెద్దలే చూపించారంటే, పుస్తకం కదపరాని శాసనం కాదన్నమాట. కలపగలిగినవాళ్ళం తీయగలం కూడా. రాయబారం సీనుకి ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు అని ఇద్దరు ముగ్గుర్ని పెట్టి, ఒకే పాత్రని ముక్కలు చేసిందీ మనవాళ్ళే. సంప్రదాయం అని నువ్వు అనేదంతా ఎప్పుడో ఒకప్పుడు ఎవరో తెగించి చేసిన మార్పే.

పాట: ఆ రెండో కృష్ణుడి సంగతి నేను సమర్థించను. టిక్కెట్లు అమ్ముకోవడానికి చేసిన పని అది.

ఆట: సరే. అసలు ఈ వాదం మనతో మొదలైంది కాదు. బళ్ళారిలో ఒకే ఇంట్లో జరిగింది. ధర్మవరం రామకృష్ణమాచార్యులు గారు నాటకంలో పాటలు దండిగా పెట్టారు. ఆయన మేనల్లుడు బళ్ళారి రాఘవ, ప్లీడరు, పాత్ర మునిగిపోయేంత పాట వద్దన్నాడు. మేనమామ నాటకాలు ఆడుతూనే పెరిగాడు, తర్వాత ఆ దారిలోంచే పక్కకి నడిచాడు. మాట, చూపు, నిలబడే తీరు, వీటితో చెప్పాలన్నాడు. 1928 ప్రాంతంలో విదేశాలకి వెళ్ళి అక్కడి నాటకాలు చూసి, బెర్నార్డ్ షాని కలిసి వచ్చాడు. ఆడవేషాలు ఆడవాళ్ళే కట్టాలని పట్టుబట్టాడు. మేనల్లుడు మామని ప్రేమించకుండా ఆ మాట అన్నాడంటావా?

పాట: అనను. రాఘవ గారంత మనిషి స్టేజీ ఎక్కితే పద్యం వచనంలా చదివినా జనం కూర్చుంటారు. ఆయన తర్వాత ఆ దారిన ఎంతమంది నడవగలిగారు? పాట దారిన వెయ్యిమంది నడిచారు. పొలం పని చేసుకునేవాడు, బట్టల కొట్టులో గుమాస్తా, స్కూలు మాస్టారు, వీళ్ళందరికీ రాఘవ ప్రతిభ లేదు. గొంతుంది. సాయంత్రాలు హార్మోనియం దగ్గర కూర్చుని నేర్చుకుంటే వచ్చే విద్య ఉంది. కళ ఒక మేధావి మీద నిలబడదు, మధ్యరకం మనుషులు వందలమంది చేయగలిగినదై ఉండాలి. రాగం వాళ్ళకి ఆ దారి ఇచ్చింది. కాంట్రాక్టు నాటకాల్లో చూడు. అర్జునుడు ఒక ఊరినుంచి, కృష్ణుడు ఇంకో ఊరినుంచి, దుర్యోధనుడు మరో జిల్లానుంచి దిగుతారు. గ్రీన్‌రూములో రంగు పూసుకుంటూ పలకరించుకుంటారు. తెల్లవారేదాకా నాటకం ఆడేసి, ఎవరి బస్సు వాళ్ళు ఎక్కుతారు. ఒక్క రిహార్సల్ లేకుండా ఇది ఎలా సాధ్యం? పద్యం అందరికీ వచ్చు, వరస అందరికీ తెలుసు, శ్రుతి ఎంతో చెబితే చాలు. డబ్బులిచ్చే సంస్థ లేక, నేర్పే బడి లేక కూడా ఇంతకాలం బతికిందంటే అందుకే.

ఆట: నాకు బాధ కలిగించేది కూడా అదే. రిహార్సల్ లేని నాటకంలో నీ పద్యం నువ్వు పాడతావు, నా పద్యం నేను పాడతాను. ఒకరి మాట ఒకరు వినం. నేను పాడుతుంటే దుర్యోధనుడు మీసం సవరించుకుంటూ పక్క తెరలో ఎవరినో చూస్తుంటాడు. కృష్ణుడు సంధి కోసం కురుసభకి వచ్చాడు, యుద్ధం ఆగుతుందో లేదో తేలే ఘడియ అది. స్టేజీ మీద మాత్రం ఇద్దరు గాయకుల కచేరీ వంతులవారీగా జరుగుతోంది. వినడం అన్నది నటనలో సగం. మనం ఆ సగాన్ని ఎప్పుడో వదిలేశాం. మనం స్నేహితులం, ఒకే ఊళ్ళో ఉంటాం, రోజూ కలుస్తాం. కాంట్రాక్టు నటులకి లేని సమయం మనకుంది. ఆ సమయాన్ని ఎవడి రాగం వాడు సాన పట్టుకోవడానికి వాడితే, మనం జట్టుగా ఉండి ఏం లాభం?

పాట: ఒకరినొకరు వినాలన్నది నేను ఒప్పుకుంటాను. మనసారా ఒప్పుకుంటాను.

(ఇక్కడ నా మాట ఒకటి చెప్పనివ్వండి. ఈ ఒప్పుకోలు చిన్నదిగా కనిపించినా, ఈ వాదంలో నాకు దీనికంటే పెద్దది లేదు. పాట పక్షానికి ఆద్యంతం మొగ్గే నేను కూడా, నూరేళ్ళ పద్యనాటకం ఎదుటి పాత్రకి చేసిన అన్యాయం ఇదేనని నమ్ముతాను. ఎలా సరిదిద్దాలన్నది ఇంకా వాళ్ళే తేల్చాలి.)

పాట: అయితే ఇంకో మాట. నువ్వు కుదించమంటున్నావు సరే, కుదించాక ఏం మిగులుతుందో కూడా చెప్పు. ఘంటసాల గారి మార్గం అంటావు, నాకు తెలుసు.

ఆట: అంటాను. సినిమా పద్యాన్ని చంపిందంటారు కొందరు. నా లెక్కలో సినిమా పద్యాన్ని ఇంటింటికీ చేర్చింది. 1932లో వచ్చిన మొదటి తెలుగు టాకీ భక్త ప్రహ్లాద సురభి నాటక సమాజం వాళ్ళ నాటకంలోంచి వచ్చిందే, అందులో వేసినవాళ్ళలోనూ సురభి వాళ్ళున్నారు. అక్కణ్ణుంచి పద్యం సినిమాలోకి నడిచి వెళ్ళింది. ఘంటసాల గారు చదువుకున్న సంగీతమంతా గొంతులో ఉండగా కూడా, పద్యం పాడేటప్పుడు ఎక్కడ ఆపాలో ఎంత ఆపాలో లెక్కగా ఆపారు. మాట విరగదు. సమాసం ముక్కలవదు. రాగం ఉంటుంది, కానీ మాటని మోసుకెళ్తూ ఉంటుంది. నిమిషం, నిమిషన్నరలో పద్యం అయిపోతుంది. అక్షరం రాని మనిషి కూడా ఒకటి రెండుసార్లు విని పట్టుకోగలిగాడు. మాధవపెద్ది సత్యం గారు స్టేజీ మీద నుంచి వచ్చినవారే, సినిమాలో ఎంత పొదుపుగా పాడారో మాయాబజార్ వింటే తెలుస్తుంది. పొదుపు పాటకి శత్రువు కాదు.

పాట: వాళ్ళని మించిన వాళ్ళు లేరు, ఆ మాట మీద మనిద్దరికీ తేడా లేదు. కానీ సినిమా పద్యం ఎందుకంత పొదుపుగా ఉంది? పాటకి రీలు కొలత ఉంది. కెమెరా ముఖం దగ్గరికి వచ్చి కంటి కొసలోని తడి చూపిస్తుంది, ఇక రాగం ఎంతసేపు ఉండాలి? నేను ఎక్కడున్నాను? గుడి పందిట్లో, చివరి వరస వాడికి నా ముఖం అరచేయంత కూడా కనపడదు. నా కన్ను వాడికి చేరదు. గొంతు చేరుతుంది. కెమెరా చేసే పని స్టేజీ మీద రాగం చేయాలి. ఘంటసాల గారిని తెచ్చి పందిట్లో నిలబెట్టి, కెమెరా తీసేసి, ఇప్పుడు పాడమంటే ఆయనైనా ఇంకాస్త రాగం తీసేవారనే నా నమ్మకం.

ఆట: మైకు ఉందిగా ఇప్పుడు. ఆ వాదం మైకు రాకముందు నిలబడేది. నాలుగు, నాలుగున్నర, ఐదు శ్రుతిలో మగవాడు గొంతు చించుకుని పాడటం ఎందుకొచ్చింది? వేలమందికి వినపడాలని. కచేరీలో మగ గాయకుడు ఒకటి, ఒకటిన్నర, మహా అయితే రెండు శ్రుతిలో కూర్చుని హాయిగా పాడుకుంటాడు. స్టేజీ మీద అంత కింద పాడితే ముందు వరస దాటేది కాదు కాబట్టి ఎత్తుకి వెళ్ళారు. అవసరం పోయింది, అలవాటు మిగిలింది. ఆ ఎత్తులో మెల్లగా ఒక మాట అనడం అసాధ్యం. హరిశ్చంద్రుడు ఎప్పుడైనా గొంతు తగ్గించాలి కదా, ఒక్కసారైనా?

పాట: ఆ ఎత్తు వల్ల మనకి ఒక మేలు జరుగుతోంది, నువ్వు గమనించలేదు. ఆడగొంతుకి సహజమైన శ్రుతి ఐదు, ఐదున్నర. అంటే స్టేజీ మీద మగవాళ్ళు కష్టపడి ఎక్కే చోట ఆడపిల్లలు సుఖంగా నిలబడగలరు. మన జట్టులో అందరికంటే బాగా పాడేది ఎవరు? నేను కాదు. మనతో ఉన్న ఆ అమ్మాయే. ఒకప్పుడు మగవాళ్ళు సత్యభామ వేసి ఊళ్ళని ఊపేశారు. సురభి వాళ్ళ ఇళ్ళల్లో ఆడవాళ్ళు తరాలుగా స్టేజీ మీద ఉన్నారు. ఇవాళ కృష్ణుడి కిరీటం పెట్టుకుని పద్యం పాడే ఆడవాళ్ళు అక్కడక్కడా ఉన్నారు. హరిశ్చంద్రుడి వేషం ఆమెకి ఇద్దాం. శ్రుతి మార్చక్కర్లేదు, హార్మోనిస్టు మెట్టు కదపక్కర్లేదు.

ఆట: ఇవ్వాలని నేనూ అనుకున్నాను. కానీ ఆమెకి ఇచ్చేది గొంతు చూసి మాత్రమేనా? అక్కడికే వస్తున్నాను. మన జట్టులో ఇంకొకడున్నాడు. వాడి పేరు ఎత్తను, నీకు తెలుసు. వాడికి శ్రుతి నిలవదు. కానీ వాడు స్టేజీ మీద ఊరికే నిలబడినా చూపు వాడి మీదే ఉంటుంది. నిరుడు భటుడి వేషంలో ఒక్క మాట లేకుండా, రాజు రాజ్యం వదిలి వెళ్తుంటే తల దించుకున్నాడే, గుర్తుందా? ఆ సీనులో నాకు నిజంగా ఏడుపు వచ్చింది అప్పుడే. అలాంటివాడికి ఎప్పటికీ భటుడి వేషమే. ఎందుకు? రాగం రాదు. పద్యనాటకంలో పాడలేనివాడు నటుడు కాడు అన్న ఈ చట్టం ఎవరు రాశారు? వాడు మనతో పాటే చిన్నప్పటి నుంచి నాటకం పిచ్చిలో ఉన్నవాడు. తెర కడతాడు, లైట్లు చూస్తాడు, మన మేకప్ పెట్టె మోస్తాడు. వాడి ప్రేమ మనకంటే ఒక పిసరు తక్కువని నువ్వు అనగలవా?

పాట: అనలేను. వాడి గురించి నేనూ చాలాసార్లు ఆలోచించాను. కానీ నిజం చెప్పాలి. వీణ వాయించలేనివాడికి వీణ కచేరీలో చోటివ్వలేదని కచేరీని తప్పుపట్టలేం. ఈ కళ అడిగేది గొంతు. వాడికి సాంఘిక నాటకం ఉంది, అక్కడ వాడు రాజు. ప్రేమ ఉన్న ప్రతివాడికీ చోటు చేయడానికి కళ తన ఎముక తీసి ఇవ్వలేదు. స్నేహం కోసం అయితే నేను నా వేషం వాడికి ఇస్తాను, ఈ క్షణమే ఇస్తాను. పద్యం మాత్రం ఇవ్వలేను.

ఆట: ఆ మాట వాడి ముందు అనగలవా?

పాట: అన్నాను. వాడు నాతో వారం రోజులు మాట్లాడలేదు. తర్వాత వచ్చి, ఐదో శ్రుతి వద్దు, రెండులో నేర్పుతావా అన్నాడు. నేర్పుతున్నాను. రెండు శ్రుతిలో, తక్కువ రాగంతో, నువ్వు అన్నట్టే మాటకి దగ్గరగా. కాటి యజమాని వీరబాహుడి పద్యాలు పట్టుకున్నాడు. బాగున్నాయి. అంటే నీ పద్ధతిలో బాగున్నాయి. నా చెవికి ఇంకా ఆకలి తీరలేదు.

ఆట: ఈ సంగతి నాకు చెప్పనేలేదు నువ్వు.

పాట: నీకు చెబితే గెలిచానంటావని.

ఆట: గెలుపేం లేదిందులో. ఒక వేషం రెండు శ్రుతిలో, ఒక వేషం ఐదులో ఉంటే హార్మోనిస్టు ఏమంటాడు?

పాట: ఆయన దేనికైనా సిద్ధమే, ఆయన్ని ఉంచుకుంటే. మనవాళ్ళు కొందరు రికార్డు ట్రాకు పెట్టేద్దామంటున్నారు, హార్మోనిస్టు దొరకడం కష్టంగా ఉందని.

ఆట: ట్రాకు వద్దు. దానికి నేను నీకంటే గట్టిగా అడ్డం. ట్రాకు వస్తే నటుడు దాని వెనక పరిగెత్తాలి. ఏడుపు ఒక క్షణం ఆలస్యంగా వచ్చిందనుకో, ట్రాకు ఆగదు. హార్మోనిస్టు ఆగుతాడు. స్టేజీ పక్కన కూర్చుని కాలితో తొక్కుతూ నా గొంతు ఎటు పోతే అటు వస్తాడు, నేను తడబడితే షడ్జం పట్టి నిలబెడతాడు. చెప్పాలంటే స్టేజీ మీద ఎదుటివాడిని నిజంగా వినే మనిషి ఆయనొక్కడే.

పాట: గమకం పలకదని ఆకాశవాణి 1940లో హార్మోనియాన్ని రానివ్వకపోతే, 1971 దాకా ఆ గుమ్మం దాటలేకపోయింది అది. ఆ ముప్ఫై ఏళ్ళూ మన పందిళ్ళలో రోజూ మోగింది. గమకం పెట్టె పలకకపోతేనేం, గొంతు పలికింది. ఇవాళ మనమే దాన్ని బయటికి పంపేస్తే ఇంకేం మిగలదు. సరే, ఇద్దరం ఒప్పుకున్నది ఇదొకటి దొరికింది.

ఆట: ఇప్పుడు అసలు చోటికి వద్దాం. సుంకం కట్టడానికి డబ్బు లేదంటుంది చంద్రమతి. మెడలో మాంగల్యం ఉందిగా, అది అమ్మి కట్టు అంటాడు కాటికాపరి. ఆ మాంగల్యం భర్తకి తప్ప లోకంలో ఎవరికీ కనపడదు. ఆ మాట అతని నోట రాగానే ఆమెకి తెలిసిపోతుంది, ఎదురుగా ఉన్నది ఎవరో. నాటకమంతా, రాజ్యం పోయిన దగ్గర నుంచి ఇంతవరకూ, ఆ ఒక్క క్షణం కోసం నడిచింది. అతనికి ఇంకా తెలియదు. ఆమెకి తెలిసింది. ఆ అర నిమిషం తేడా మీద నిలబడి ఉంది సీను. మాంగల్యం మాట దగ్గర నువ్వు సింధుభైరవి తీస్తూ రెండు నిమిషాలు పైకి ఎక్కి కిందికి దిగితే ఆ క్షణం ఏమవుతుంది? ఆమె ముఖం ఎవరు చూస్తారు? అందరూ నీ గొంతే చూస్తుంటారు.

పాట: ... ఆ ఒక్క చోట రాగం వద్దు. ఒప్పుకున్నాను. మాట అనేసి ఆగిపోవాలి. హార్మోనియం కూడా ఆగాలి.

ఆట: ఆ ఒక్క చోటేనా?

పాట: అక్కడే. దానికి ముందున్న సుంకం పద్యాలకి కాదు. ముందు రాగం నిండుగా ఉంటేనే, అక్కడ ఆగినప్పుడు ఆగినట్టు తెలుస్తుంది. మొదటినుంచీ నువ్వు అన్నట్టు గుంభనంగా పాడుకుంటూ వస్తే, ఆ ఆగడం ఎవరికీ వినపడదు. నీ క్షణం నిలవాలంటే నా ఐదు నిమిషాలు కావాలి.

ఆట: దానికి జవాబు వెతుక్కోవాలి నేను. కానీ ఆ ఐదు నిమిషాల తర్వాత జనం వన్స్‌మోర్ అంటారు. అప్పుడు నీ నిండుదనం నేరుగా మాంగల్యం మీదకి వెళ్ళదు, చప్పట్ల మీదకి వెళ్తుంది. నువ్వు కట్టిన మేడ నువ్వే కూల్చుకుంటావు.

పాట: సీను మొదట్లో, హరిశ్చంద్రుడు ఒక్కడే ఉన్నప్పుడు వన్స్‌మోర్ తీసుకుందాం. చంద్రమతి వచ్చాక దండం పెట్టి తీసుకోకుండా ముందుకెళ్దాం. జనం అలుగుతారు. అలిగితే అలగనీ.

ఆట: నువ్వు తీసుకోకుండా ఉండగలవా? వెయ్యిమంది అడుగుతుంటే?

పాట: తెలియదు. నేను కాకుండా ఆమె పాడితే ఉండగలదేమో.

ఆట: ఆమె హరిశ్చంద్రుడు వేయనంటోంది. చంద్రమతే వేస్తానంటోంది. నిన్న అడిగాను.

పాట: ఎందుకట?

ఆట: శవాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చునే మనిషికి ఆ నాటకంలో అందరికంటే ఎక్కువ పని ఉందట, ఇన్నాళ్ళూ ఎవరూ చేయలేదట.

పాట: మరి నీ పక్షమే కదా.

ఆట: నేనూ అలాగే అనుకుని సంతోషపడ్డాను. తర్వాత ఒక ప్రశ్న వేసింది. కొడుకు మీద పడి తను పాడే పద్యానికి జనం వన్స్‌మోర్ అంటే, అప్పుడు ఆ కాటికాపరి ఆమె కోసం ఆగుతాడా, లేక సుంకం అడుగుతూ మీద పడతాడా అని. ఇన్నేళ్ళూ చంద్రమతి ఆగింది కదా, ఒక్క రాత్రి అతను ఆగి, వింటూ నిలబడితే అది పాత్ర కాదా అని.

పాట: ఏం చెప్పావు?

ఆట: రిహార్సల్‌లో చూద్దామన్నాను. కుదరదంది. వేషం ఒప్పుకోక ముందే తేల్చి చెప్పమంది, మనిద్దర్నీ.